అక్షరానికి స్లాబ్ వేస్తే: మందపాటి పాదాల అక్షరాల వెనుక ఉన్న విజ్ఞానం

‘స్లాబ్’ అనగానే మనకు ఇంటి కప్పు గుర్తుకొస్తుంది. అక్షరాలకూ ఒక స్లాబ్ ఉందని తెలుసా? ఇంగ్లీషు పెద్ద బడి ‘ఐ’ అక్షరాన్ని ఊహించుకోండి. మధ్యలో ఒక నిలువు గీత. దానికి పైనా కిందా చిన్న అడ్డగీతలు. ఆ అడ్డగీతలు నిలువు గీతంత మందంగా, దిమ్మల్లా ఉంటే ఆ అక్షరాన్ని ‘స్లాబ్ సెరిఫ్’ అంటారు. కౌబాయ్ సినిమాల పోస్టర్లు, సర్కస్ ప్రకటనలు, పాతకాలపు రుచి అని చెప్పుకునే కాఫీ పొడి ప్యాకెట్లు, హోటళ్ల మెనూ కార్డులు, ఇలా చాలాచోట్ల ఈ అక్షరాలు కనిపిస్తాయి. కొన్నిటిలో అక్షరం లోపల తెల్లని గీతలు, పువ్వులు, పక్కన నీడ కూడా ఉంటాయి.

చూడగానే ఇదంతా అలంకారమే అనిపిస్తుంది. కానీ ఆ మందపాటి పాదాలు అందం కోసమే పుట్టినవి కావు. దూరం నుంచి చూసే కన్ను, బరువైన సీసం, పగిలిపోయే చెక్క, ఒకే వెడల్పు తప్ప ఎరుగని టైపు మిషన్, వీటన్నిటికీ ఒక్కొక్క కాలంలో దొరికిన పరిష్కారం అది. ఆ సమస్యలేమిటో తెలిస్తే, ఈ అక్షరాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో కూడా తెలుస్తుంది.

సెరిఫ్ అంటే ఏమిటి?

రోమన్ లిపిలో గీత చివర కనిపించే చిన్న కొసను సెరిఫ్ అంటారు. దీని చరిత్ర రెండు వేల ఏళ్ల నాటిది. క్రీ.శ. 113లో రోమ్ నగరంలో నిలబెట్టిన ట్రాజన్ స్తంభం మీది శాసనంలో ఇవి ఎంతో అందంగా కనిపిస్తాయి. రోమన్ శిల్పులు మొదట వెడల్పాటి కుంచెతో రాతిమీద అక్షరాలు రాసి, తర్వాత ఉలితో చెక్కేవారనీ, కుంచెను తిప్పి గీతను ముగించే పద్ధతి నుంచే సెరిఫ్ వచ్చిందనీ ఎడ్వర్డ్ కాటిచ్ అనే అమెరికన్ పరిశోధకుడు 1968లో ప్రచురించిన పుస్తకంలో వాదించాడు.

15వ శతాబ్దంలో అచ్చుయంత్రం వచ్చాక ఈ కొసలు సీసపు అక్షరాల్లోకి చేరాయి. 18వ శతాబ్దం చివరికి కాగితం నునుపెక్కింది, సిరా మెరుగుపడింది. దాంతో ఇటలీలో బొడోని, ఫ్రాన్సులో దిదో కుటుంబం వెంట్రుకంత సన్నని సెరిఫ్‌లు ఉన్న అక్షరాలు తయారు చేయగలిగారు. నిలువు గీత లావు, అడ్డగీత సన్నం. పుస్తకాన్ని చేతిలో పట్టుకుని చదివేవారికి అవి చాలా బాగుండేవి. చిక్కు వచ్చింది గోడ దగ్గర.

గోడమీద పుట్టిన అక్షరం

19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో పారిశ్రామిక విప్లవం జోరుగా సాగుతోంది. లాటరీలు, నాటకాలు, మందులు, బండ్ల ప్రయాణాలు, దేన్ని అమ్మాలన్నా గోడమీద ప్రకటన అంటించాల్సిందే. 1800 ప్రాంతంలో ఇనుప అచ్చుయంత్రాలు వచ్చాయి. 1814 నవంబరు 29న ‘ది టైమ్స్’ పత్రిక ఫ్రెడరిక్ కోనిగ్ రూపొందించిన ఆవిరి యంత్రం మీద అచ్చయింది. కాగితం మీద పడే అక్షరాల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. పాఠకుడు కుర్చీలో కూర్చున్నవాడు మాత్రమే కాదు, వీధిలో నడిచి వెళ్లిపోయేవాడు కూడా అయ్యాడు.

అచ్చు అక్షరాల తయారీదారులు మొదట పుస్తకాల అక్షరాన్నే లావు చేసి చూశారు. రాబర్ట్ థోర్న్ వంటివారు తయారు చేసిన ఈ ‘ఫ్యాట్ ఫేస్’ అక్షరాల్లో నిలువు గీతలు బాగా లావెక్కాయి, అడ్డగీతలు, సెరిఫ్‌లు మాత్రం సన్నగానే మిగిలాయి. ఇక్కడ కంటి లెక్క ఒకటి చూడాలి. సాధారణ దృష్టి ఉన్న మనిషి రెండు గీతల్ని విడివిడిగా గుర్తించాలంటే వాటి మధ్య ఎడం కంటి దగ్గర దాదాపు ఒక నిమిషం కోణం చేయాలి. నిమిషం అంటే ఒక డిగ్రీలో 60వ వంతు. 20 మీటర్ల దూరంలో అది సుమారు 5.8 మిల్లీమీటర్లు. ఒక్క గీత మాత్రమే అయితే అంతకన్నా సన్నగా ఉన్నా కనబడవచ్చు. కానీ సన్నబడే కొద్దీ దాని నలుపు చుట్టూ ఉన్న తెలుపులో కలిసిపోయి పల్చని బూడిద రంగులా తోస్తుంది. ఒక మిల్లీమీటరు సెరిఫ్ వీధికి అవతలి వైపు నుంచి దాదాపు మాయమవుతుంది. అప్పుడు అక్షరం ముక్కలైనట్టు, వరుసగా నిలబెట్టిన నల్లని కడ్డీల్లా కనిపిస్తుంది.

దీనికి ఒక పరిష్కారం సన్నగీతల్ని కూడా లావు చేయడం. 1815-17 మధ్య కాలంలో లండన్‌కు చెందిన విన్సెంట్ ఫిగ్గిన్స్ తన నమూనా పుస్తకంలో ‘యాంటిక్’ అనే పేరుతో అలాంటి అక్షరాల్ని చూపించాడు. నిలువు, అడ్డం, పాదం అన్నీ దాదాపు ఒకే మందం. అచ్చులో కనిపించిన తొలి స్లాబ్ సెరిఫ్‌గా దీన్నే చెబుతారు. రెండో పరిష్కారం పాదాల్ని పూర్తిగా తీసేయడం. 1816లో నాలుగో విలియం కాస్లన్ సెరిఫ్‌లు లేని అచ్చు అక్షరాన్ని తెచ్చాడు. ఇవాళ మన ఫోన్లలో కనిపించే సాన్స్ సెరిఫ్ అక్షరాలకు అది పూర్వీకుడు. ఒకే వీధిలో, ఒకే సమస్యకు, ఒకట్రెండేళ్ల తేడాతో దొరికిన రెండు జవాబులు ఇవి.

ఈజిప్టు పేరు ఎందుకొచ్చింది?

స్లాబ్ సెరిఫ్ అక్షరాలను ‘ఈజిప్షియన్’ అని కూడా పిలుస్తారు. అయితే ఈజిప్టు లిపితో వీటికి ఏ సంబంధమూ లేదు. 1798లో నెపోలియన్ ఈజిప్టు మీదికి దండెత్తాడు. 1799లో రొసెట్టా శిల దొరికింది. ఆ తర్వాత యూరప్‌లో ఈజిప్టు అంటే మోజు పెరిగింది. కుర్చీల దగ్గర్నుంచి భవనాల దాకా అన్నిటికీ ఆ పేరు తగిలించారు. అక్షరాలకూ తగిలింది. తమాషా ఏమిటంటే, కాస్లన్ 1816లో తన పాదాలు లేని అక్షరానికే ‘ఈజిప్షియన్’ అని పేరు పెట్టాడు. థోర్న్ చనిపోయాక ఆయన ఫౌండ్రీని కొన్న విలియం థోరోగుడ్, 1821 నాటి నమూనా పుస్తకంలో స్లాబ్ అక్షరాలకు అదే పేరు వాడాడు. చివరికి ఆ పేరు వీటికే స్థిరపడింది. 20వ శతాబ్దంలో వచ్చిన కొన్ని స్లాబ్ అక్షరాలకు కూడా మెంఫిస్ వంటి ఈజిప్టు పేర్లే పెట్టారు.

సీసం నుంచి చెక్కకు

గోడ ప్రకటనకు అరచేతి కంటే పెద్ద అక్షరాలు కావాలి. సీసంతో వాటిని పోయడం కష్టం. అచ్చు అక్షరాల లోహం నిజానికి మూడు మూలకాల మిశ్రమం. సీసం ప్రధానం. ఆంటిమొని గట్టిదనం ఇస్తుంది, లోహం గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోవడాన్ని తగ్గిస్తుంది. తగరం లోహాన్ని మూసలోకి సాఫీగా పారేలా చేస్తుంది. సీసం ఒక్కటే అయితే 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. సరైన పాళ్లలో కలిపిన ఈ మిశ్రమం దాదాపు 240 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. చిన్న అక్షరాలకు ఇది చక్కని లోహం. పెద్ద దిమ్మ పోస్తే మాత్రం బయటి పొర ముందు చల్లబడి, లోపలిది తర్వాత చల్లబడి, అచ్చు వేయాల్సిన ముఖం సమతలంగా రాదు.

బరువు సంగతి ఇంకా చిక్కు. 15 సెంటీమీటర్ల ఎత్తు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అక్షరపు దిమ్మను తీసుకుందాం. అమెరికన్ అచ్చు అక్షరాల మందం సుమారు 2.33 సెంటీమీటర్లు. అంటే ఘనపరిమాణం దాదాపు 350 ఘన సెంటీమీటర్లు. ఘన సెంటీమీటరుకు 10.5 గ్రాముల లెక్కన లోహపు దిమ్మ 3.7 కిలోల దాకా తూగుతుంది. మేపుల్ చెక్క సాంద్రత 0.7 గ్రాములు అనుకుంటే అదే దిమ్మ 250 గ్రాములు కూడా ఉండదు. 12 అక్షరాల శీర్షికకు ఒకవైపు 44 కిలోలు, మరోవైపు 3 కిలోలు!

చెక్కలోనూ ఒక కిటుకు ఉంది. మామూలు పలక కోసినట్టు దుంగను నిలువునా కోస్తే, పీచు వెంబడి చెక్క చీలుతుంది. అందుకని దుంగను అడ్డంగా కోసి, పీచు చివరలు పైకి ఉండే ముఖం మీద అక్షరాన్ని చెక్కేవారు. మాంసం కొట్టే మొద్దును గుర్తుచేసుకోండి. కత్తి ఎన్ని దెబ్బలు వేసినా తట్టుకునేది అందుకే. అచ్చుయంత్రం ఒత్తిడిని కూడా ఆ ముఖం అలాగే తట్టుకుంటుంది. అయినా అతి సన్నని కొస ఉంటే చెక్కలో అది విరిగిపోతుంది. మందపాటి పాదం విరగదు. స్లాబ్ సెరిఫ్‌కు చెక్క అంత బాగా కుదరడానికి ఇదొక కారణం.

న్యూయార్క్‌కు చెందిన డేరియస్ వెల్స్ 1827లో చెక్కను చెక్కడానికి గిరగిర తిరిగే కోత పనిముట్టును రూపొందించాడు. దాన్ని రౌటర్ అంటారు. ఇవాళ మన వడ్రంగులు తలుపుల అంచులకు నగిషీ తీయడానికి వాడేది ఆ జాతి పనిముట్టే. మరుసటి ఏడాది వెల్స్ తన చెక్క అక్షరాల నమూనా పుస్తకం వెలువరించాడు. 1834లో విలియం లెవెన్‌వర్త్ ఈ రౌటర్‌కు పాంటోగ్రాఫ్‌ను జత చేశాడు. పాంటోగ్రాఫ్ అంటే సమాంతర చతుర్భుజం ఆకారంలో బిగించిన నాలుగు కమ్మీలు. ఒక చివర ఉన్న సూదిని నమూనా వెంబడి తిప్పితే, మరో చివర అదే ఆకారం పెద్దగానో చిన్నగానో వస్తుంది. సరూప త్రిభుజాల సూత్రమే ఇది. దీన్ని 1603లో కనిపెట్టినవాడు క్రిస్టఫ్ షైనర్. తర్వాతి కాలంలో సూర్యుడి మీది మచ్చల్ని పరిశీలించిన ఖగోళ శాస్త్రవేత్త కూడా ఆయనే.

ఒక్క నమూనా ఉంటే చాలు, కావలసినన్ని సైజుల్లో అక్షరాలు కోయవచ్చు. తిరిగే పనిముట్టు గుండ్రంగా ఉంటుంది కాబట్టి లోపలి మూలలు పదునుగా రావు. వాటిని మనిషి చేతికత్తితో సరిచేయాలి. మిగతా పనంతా యంత్రమే చేస్తుంది. ఖర్చు తగ్గేసరికి అక్షరం విచిత్ర రూపాలు ఎత్తింది. సన్నగా పొడుగ్గా సాగింది, వెడల్పుగా పరుచుకుంది. నిలువు గీతల కంటే పాదాలే లావుగా ఉండే తలకిందుల రూపమూ వచ్చింది. పశ్చిమ అమెరికా అనగానే మనకు గుర్తొచ్చే ‘వాంటెడ్’ పోస్టరు రూపం అదే. మీ కంప్యూటర్‌లో ‘ప్లేబిల్’ అనే ఫాంటు ఉంటే తెరిచి చూడండి. 1938లో రాబర్ట్ హార్లింగ్ ఆ రూపాన్నే గుర్తుచేసుకుంటూ గీసిన అక్షరం అది.

నిఘంటువులోకి వచ్చిన పోస్టరు

1845లో లండన్‌లోని ఫాన్ స్ట్రీట్ ఫౌండ్రీ ‘క్లారెండన్’ అనే అక్షరాన్ని విడుదల చేసింది. యజమాని రాబర్ట్ బెస్లీ, అచ్చులు చెక్కినవాడు బెంజమిన్ ఫాక్స్. ఇందులో పాదం నిలువు గీతను ముక్కుసూటిగా తాకదు. చిన్న వంపుతో కలుస్తుంది. చెట్టు మొదలు నేలను కలిసే చోట కనిపించే వంపు లాంటిది.

దీని ముఖ్యమైన ప్రయోజనం గోడమీద కాదు, పుస్తకంలోనే. నిఘంటువులో ఆరోపం, దాని అర్థం ఒకే వరుసలో ఉంటాయి. వెతికే మాట చటుక్కున కంటికి ఆనాలి. అంతకుముందు పోస్టరు అక్షరాల్ని పక్కన పెడితే అవి మామూలు అక్షరాలతో కుదిరేవి కావు. క్లారెండన్ మామూలు అక్షరం పక్కన ఒదిగి నిలబడగల లావు అక్షరం. ఇవాళ మనం కంప్యూటర్‌లో ‘బోల్డ్’ బటన్ నొక్కి చేసే పని అదే. బెస్లీ ఈ అక్షరాన్ని అప్పటి అలంకార డిజైన్ల చట్టం కింద నమోదు చేయించుకున్నాడు. రక్షణ మూడేళ్లే. అది ముగియగానే ఇతర ఫౌండ్రీలు ఇదే రూపాన్ని ఎత్తుకున్నాయి. క్లారెండన్ అన్న మాటే ఒక అక్షరజాతి పేరుగా మారింది.

రెండు అచ్చులు, మూడు రంగులు

ఈ జాతిలో అలంకారం పతాకస్థాయికి చేరిన ఘట్టం 1874. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రానికి చెందిన విలియం పేజ్ కంపెనీ ఆ ఏడాది రంగుల చెక్క అక్షరాల నమూనా పుస్తకం వెలువరించింది. ఇందులో ఒక్కో అక్షరానికి రెండు లేదా అంతకంటే ఎక్కువ దిమ్మలు ఉంటాయి. ఒక దిమ్మ లోపలి నిండు భాగాన్ని ఒక రంగులో అచ్చు వేస్తుంది. రెండోది అంచును, పువ్వుల్ని, నీడను ఇంకో రంగులో వేస్తుంది. కొన్ని డిజైన్లలో రెండు సిరాలు ఒకదాని మీద ఒకటి పడిన చోట మూడో రంగు పుడుతుంది. రెండు రంగుల ఖర్చుతో మూడు రంగులు!

ఇందులో అసలు పరీక్ష గురి. రెండోసారి కాగితం యంత్రంలోకి వెళ్లినప్పుడు ముందు పడిన చోటే పడాలి. ఏ కాస్త జరిగినా రెండు రంగుల మధ్య తెల్లని సందు కనిపిస్తుంది. దీనికి ముద్రాపకులు ఒక రంగును రెండోదాని అంచు కిందికి కొంచెం జొనిపేవారు. ఇవాళ ప్యాకెట్ల మీద రంగులు అచ్చువేసేవారు కూడా ఇదే ఉపాయం వాడతారు.

పేజ్ పుస్తకంలోని అలంకృత క్లారెండన్ ఆధారంగా 1994లో అడోబీ సంస్థ ‘రోజ్‌వుడ్’ అనే డిజిటల్ ఫాంటును విడుదల చేసింది. కిమ్ బుకర్ చాన్స్‌లర్, కార్ల్ క్రాస్‌గ్రోవ్, కెరొల్ ట్వాంబ్లీ దీని రూపకర్తలు. పాత దిమ్మల్లాగే ఇందులోనూ రెండు భాగాలున్నాయి. ఒకటి అలంకారాలతో కూడిన అక్షరం, మరొకటి దాని కింద నింపే నిండు రూపం. రెండిటికీ వేర్వేరు రంగులు ఇచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చితే 1874 నాటి పోస్టరు తెరమీద ప్రత్యక్షమవుతుంది. పాతకాలపు కళ కోసం డిజైనర్లు వెతికే అక్షరాల్లో ఇదొకటి.

టైపు మిషన్ నేర్పిన పాఠం

పట్టణాల్లో లోయరూ హయ్యరూ పరీక్షలకు టైపు నేర్చుకున్నవారికి ఒక విషయం చప్పున అర్థమవుతుంది. టైపు మిషన్‌లో ఏ మీట నొక్కినా కాగితపు బండి ఒకే దూరం జరుగుతుంది. అంగుళానికి 10 అక్షరాలు పడే మిషన్‌లో ప్రతి అక్షరానికీ 2.54 మిల్లీమీటర్ల చోటే. వెడల్పాటి ‘ఎం’కూ అంతే, సన్నని చిన్న బడి ‘ఐ’కీ అంతే. ‘ఐ’ని ఒట్టి నిలువు గీతగా వదిలేస్తే దాని రెండు వైపులా ఖాళీ మిగిలి మాట మధ్యలో తెగినట్టు కనిపిస్తుంది. దానికి వెడల్పాటి పాదాలు తగిలిస్తే ఖాళీ నిండుతుంది. అలంకారం అనుకున్న స్లాబ్ ఇక్కడ జాగాను నింపే ఇటుక అయింది.

1950ల్లో ఐబీఎం కోసం హోవర్డ్ కెట్లర్ గీసిన ‘కొరియర్’ ఈ కోవలోదే. హాలీవుడ్ స్క్రీన్‌ప్లేలు ఇప్పటికీ 12 పాయింట్ల కొరియర్‌లోనే రాస్తారు. ప్రతి పేజీలో పట్టే అక్షరాలు దాదాపు స్థిరంగా ఉంటాయి కాబట్టి, పేజీకి సుమారు ఒక నిమిషం సినిమా అన్న అంచనా కుదురుతుంది. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవారికీ ఇలాంటి అక్షరాలు ఇష్టం. ఒకటి అంకె, చిన్న బడి ‘ఎల్’, పెద్ద బడి ‘ఐ’ ఈ మూడూ ఒకేలా కనిపిస్తే ప్రోగ్రాములో తప్పు దొర్లుతుంది. పాదాల తేడాలు వాటిని విడదీస్తాయి.

తర్వాతి కాలంలో ఇదే గుణం తెరమీద కూడా పనికొచ్చింది. 2007లో వచ్చిన తొలి కిండిల్ పుస్తక పఠన పరికరం తెరలో అంగుళానికి 167 చుక్కలే, బూడిద రంగుకు నాలుగే స్థాయిలు. వెంట్రుకంత సన్నగీతలు అక్కడ సరిగా నిలబడవు. అందులో వాడిన అక్షరం ‘సిసీలియా’. డచ్ రూపకర్త పీటర్ మథియాస్ నోర్డ్‌జై గీసిన ఈ స్లాబ్ సెరిఫ్‌లో గీతల మందం దాదాపు సమంగా ఉంటుంది.

కంటి పరీక్ష చార్టులోనూ స్లాబే

కంటి ఆసుపత్రి గోడమీద పైన పెద్ద అక్షరం, కిందికి వచ్చేకొద్దీ చిన్నవయ్యే చార్టు అందరికీ తెలిసిందే. 1862లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ దాన్ని ప్రచురించాడు. ఆయన అక్షరాల్ని అయిదు గళ్లు అడ్డం, అయిదు గళ్లు నిలువు ఉన్న చతురస్రంలో అమర్చాడు. గీత మందం ఒక గడి. గీతల మధ్య ఖాళీ ఒక గడి. గీత చివరి పాదం మందం కూడా ఒక గడి. అంటే ఈ కొలత అక్షరాలు కూడా స్లాబ్ సెరిఫ్‌లే.

6/6 చూపు ఉందంటే 6 మీటర్ల దూరం నుంచి 5 నిమిషాల కోణం చేసే అక్షరాన్ని చదవగలగడం. లెక్క కడితే ఆ అక్షరం ఎత్తు దాదాపు 8.7 మిల్లీమీటర్లు. దాని ఒక్కో గడి ఒక నిమిషం. గోడ పోస్టరు దగ్గర మనం చూసిన కొలతే ఇది. అయితే పాదాలున్న అక్షరాల్లో కొన్ని సులువుగా, కొన్ని కష్టంగా ఉన్నాయని తర్వాతి పరిశోధకులు గమనించారు. 1959లో లూయిస్ స్లోన్ పాదాలు లేని పది అక్షరాల్ని ప్రతిపాదించింది. ఇప్పటి ప్రామాణిక చార్టులు ఎక్కువగా వాటినే వాడతాయి. కొలబద్దకు కావలసింది అక్షరాల మధ్య సమానత్వం. అక్కడ పాదాలు పక్కకు తప్పుకున్నాయి.

పాదాలుంటే నిజంగా బాగా చదవగలమా?

సెరిఫ్‌లు కంటిని వరుస వెంట నడిపిస్తాయని చాలామంది చెబుతారు. 2005లో ఆరీస్ ఆర్డిటి, జియానా చో దీన్ని పరీక్షించారు. మిగతా అంతా ఒకేలా ఉండి, సెరిఫ్‌ల పరిమాణం మాత్రమే మారే అక్షరాల్ని తయారు చేసి చదివించారు. చదివే వేగంలో తేడా కనిపించలేదు. చాలా చిన్న సైజులో కాస్త లాభం కనిపించినా, సెరిఫ్‌ల వల్ల అక్షరాల మధ్య పెరిగిన ఎడంతో దాన్ని వివరించవచ్చని తేల్చారు. అంటే చదవడానికి సాయపడేది పాదం కాదు. సైజు, ఎడం, గీతకూ నేపథ్యానికీ మధ్య తేడా.

అలంకార అక్షరాల విషయంలో ఈ సంగతి ఇంకా ముఖ్యం. అక్షరం లోపలి తెల్లగీత దాని ఎత్తులో 40వ వంతు ఉందనుకుందాం. 4 సెంటీమీటర్ల అక్షరంలో ఆ గీత 1 మిల్లీమీటరు. చక్కగా కనిపిస్తుంది. అదే అక్షరాన్ని పుస్తకపు సైజుకు, అంటే 3 మిల్లీమీటర్ల ఎత్తుకు తగ్గిస్తే ఆ గీత 0.075 మిల్లీమీటర్లు. దాదాపు తలవెంట్రుక మందం. కాగితం మీద సిరా కొద్దిగా పాకితే చాలు, అది మూసుకుపోతుంది. అంగుళానికి 96 చుక్కలున్న కంప్యూటర్ తెరమీద ఒక్కో చుక్క 0.26 మిల్లీమీటర్లు. గీత అందులో మూడో వంతు కూడా లేదు. తెర దాన్ని బూడిద రంగు మరకగా చూపిస్తుంది. అక్షరం అందం పోయి, స్పష్టత కూడా పోతుంది.

మందు సీసా మీద మోతాదు, గ్యాస్ బండ మీద హెచ్చరిక, టీకా శిబిరం కరపత్రంలో తేదీ, ఇవి అలాంటి అక్షరాల్లో ఉంటే నష్టపోయేది చత్వారం వచ్చిన పెద్దలే. ఇంట్లో ఉన్న తాతగారినో అమ్మమ్మనో ఒకసారి చదవమంటే సంగతి తెలిసిపోతుంది.

తెలుగు అక్షరానికి స్లాబ్ వేయవచ్చా?

లండన్‌లో స్లాబ్ అక్షరాలు పుడుతున్న కాలంలోనే, 1814లో, బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో విలియం కేరీ తెలుగు వ్యాకరణం అచ్చయింది. అయితే రెండు లిపుల స్వభావం వేరు. రోమన్ లిపిలో నిటారు గీతలు ఎక్కువ. వాటికి పైనా కిందా పాదం తగిలించడానికి చోటుంది. పాదం ఉన్నా లేకపోయినా అక్షరం మారదు. తెలుగు అక్షరం గుండ్రనిది. గీత చాలాచోట్ల మలుపుతోనే ముగుస్తుంది.

అంతకంటే పెద్ద సంగతి ఒకటుంది. మన లిపిలో చిన్న గీత అలంకారం కాదు, అక్షరం. ‘ద’ కింద చిన్న నిలువు గీత చేరిస్తే ‘ధ’. ‘చ’కు చేరిస్తే ‘ఛ’. ‘డ’, ‘ఢ’లకు తేడా అదే. ‘ప’, ‘ఫ’లకూ అదే. కాబట్టి ఇంగ్లీషు పోస్టరు చూసి తెలుగు అక్షరం అడుగున దిమ్మ తగిలిస్తే అర్థమే మారిపోయే ప్రమాదం ఉంది. తలకట్టు, గుడి ఉండే పైభాగంలోనూ అంతే. అడుగున వత్తులకు కూడా చోటు వదలాలి. గీతను మరీ లావు చేస్తే ‘ఘ’, ‘క్ష’ వంటి అక్షరాల లోపలి సందులు మూసుకుపోతాయి.

అందుకే తెలుగు శీర్షికలకు గీసే అక్షరాలు బలాన్ని వేరే దారిలో తెచ్చుకుంటాయి. గీత మందాన్ని సమంగా ఉంచడం, లోపలి ఖాళీని తెరిచి ఉంచడం, వంపును నిండుగా గీయడం. సిలికానాంధ్ర ఉచితంగా అందించిన ‘రామభద్ర’, ముంబైలోని ఎక్ టైప్ సంస్థ గీసిన ‘బాలూ తమ్ముడు’ వంటి ఫాంట్లను పెద్ద సైజులో పెట్టి చూస్తే ఇది తెలుస్తుంది. స్లాబ్ అక్షరం నుంచి తెలుగు తెచ్చుకోవలసింది పాదాల్ని కాదు, దూరం నుంచి కూడా ఏ గీతా మాయం కాకూడదన్న సూత్రాన్ని.

వాడేముందు నాలుగు ప్రశ్నలు

శుభలేఖకో, నాటక ప్రదర్శనకో, పాఠశాల సైన్సు ప్రదర్శన పోస్టరుకో పాతకాలపు స్లాబ్ అక్షరం ఎంచుకునేవారు ఈ ప్రశ్నలు వేసుకోవచ్చు. చదివేవారు ఎంత దూరంలో ఉంటారు? అక్షరంలోని అన్నిటికంటే సన్నని గీత ఆ దూరానికి ఆనుతుందా? కాగితమా, బట్టా, తెరా, దేనిమీద పడుతుంది? మాటలు మూడు నాలుగేనా, పేరా అంతా ఉందా?

శీర్షికలో మూడు నాలుగు మాటలకు అలంకార అక్షరం వాడి, కింద వివరాలకు సాదా అక్షరం పెట్టడం మంచి పద్ధతి. 19వ శతాబ్దపు ముద్రాపకులు కూడా పెద్ద మాటకు పెద్ద చెక్క అక్షరాన్ని, చిన్న వివరానికి చిన్న సీసపు అక్షరాన్ని వాడేవారు. వాళ్లకు అది అభిరుచి కంటే ముందు అవసరం. చెక్కలో అంత చిన్న అక్షరం రాదు, సీసంలో అంత పెద్ద అక్షరం రాదు. ఇవాళ కంప్యూటర్ ఏ అక్షరాన్నైనా ఏ సైజులోనైనా ఇస్తుంది. పదార్థం పెట్టిన హద్దు పోయింది. కంటికున్న హద్దు మాత్రం స్నెల్లెన్ కొలిచిన నాడు ఎంతో, ఈనాడూ అంతే.